టిబెట్ అస్తిత్వం, మానవ హక్కులు: విదేశ ప్రభుత్వాల వైఖరి

టిబెటన్ల భాష, మతం, జీవన విధానం, పౌర హక్కుల గురించి 1950 తర్వాత చైనాయేతర ప్రభుత్వాలు చేసిన చట్టాలు, పెట్టిన ఆంక్షలు, ఇచ్చిన ఆశ్రయం, పాటించిన మౌనం ఈ వ్యాస విషయం. తెలుగులో 'గుర్తింపు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒక రాజ్యాన్ని మరో రాజ్యం ఒప్పుకోవడం మొదటిది. ఒక జాతి తాను ఫలానా అని చెప్పుకోగలగడం రెండోది. టిబెట్ విషయంలో ప్రభుత్వాలన్నీ మొదటి గుర్తింపును నిరాకరించి, రెండోదాన్ని కాపాడతామని చెబుతూ వస్తున్నాయి. టిబెట్‌ను స్వతంత్ర రాజ్యంగా గానీ, ధర్మశాలలోని కేంద్ర టిబెటన్ పాలనా యంత్రాంగాన్ని ప్రభుత్వంగా గానీ నేడు ఏ దేశమూ గుర్తించడం లేదు.

ఏది టిబెట్ అన్న దగ్గరే తగాదా మొదలవుతుంది. చైనా లెక్కలో టిబెట్ అంటే 1965లో ఏర్పడిన టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతం. టిబెటన్ల లెక్కలో ఊ-త్సాంగ్, ఖామ్, ఆమ్దో అనే మూడు సీమలూ కలిస్తే టిబెట్. చివరి రెండింటిలో ఎక్కువ భాగం ఇప్పుడు చింగ్‌హాయ్, సిచువాన్, గాన్సు, యున్నాన్ రాష్ట్రాల్లో ఉంది. చైనాలోని టిబెటన్లలో సగానికి పైగా స్వయంప్రతిపత్తి ప్రాంతానికి బయటే నివసిస్తున్నారు. ఈ సరిహద్దు తగాదాను చాలా విదేశాంగ శాఖలు ఏళ్ల తరబడి పట్టించుకోలేదు.

తొలి రోజులు: ఎవరూ ఎత్తుకోని ఫైలు

1914 నాటి సిమ్లా ఒప్పందంలో బ్రిటన్ టిబెట్ మీద చైనాకు పూర్తి సార్వభౌమత్వం కాకుండా నామమాత్రపు పైచేయిని మాత్రమే ఒప్పుకుంది. ఆ ఒప్పందంపై చైనా సంతకం చేయలేదు. అయినా ఆ అస్పష్టమైన మాట దాదాపు శతాబ్దం పాటు బ్రిటిష్ దస్త్రాల్లో ఉండిపోయింది. 1950 అక్టోబరులో చైనా సైన్యం ఛాందో పట్టణాన్ని పట్టుకున్నాక లాసా ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి మొరపెట్టుకుంది. ఆ మొరను చర్చకు పెట్టమని అడిగింది మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్ సాల్వడార్ ఒక్కటే. టిబెట్ గురించి బాగా తెలిసిన బ్రిటన్, భారత్ వాయిదా కోరాయి. శాంతియుతంగా పరిష్కారమయ్యే అవకాశం ఉందని భారత ప్రతినిధి నవానగర్ జాంసాహెబ్ చెప్పారు. మరుసటి ఏడాది మే 23న పెకింగ్‌లో 17 అంశాల ఒప్పందంపై సంతకాలు జరిగాయి. టిబెట్ రాజకీయ వ్యవస్థనూ దలైలామా హోదానూ మార్చబోమన్న హామీ అందులో ఉంది. 1959లో దేశం విడిచి వచ్చాక, అది బలవంతపు సంతకమని దలైలామా ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చారు.

1959 మార్చి 10న లాసాలో తిరుగుబాటు మొదలైంది. 17 రాత్రి బయల్దేరిన దలైలామా 31న తవాంగ్ వైపు నుంచి భారత్‌లో అడుగుపెట్టారు. ఆ తర్వాత ఐరాస సర్వప్రతినిధి సభ 1959, 1961, 1965లలో మూడు తీర్మానాలు చేసింది. 1959 తీర్మానాన్ని ప్రతిపాదించినవి ఐర్లండ్, మలయా. 45 దేశాలు ఔననగా 9 కాదన్నాయి, 26 తటస్థంగా ఉన్నాయి. స్వయంనిర్ణయ హక్కు అన్న మాట 1961 తీర్మానంలో మాత్రమే కనిపిస్తుంది. 1971లో కమ్యూనిస్టు చైనా ఐరాసలో సభ్యత్వంతో పాటు వీటో అధికారమూ పొందింది. ఆ తర్వాత సర్వప్రతినిధి సభలో టిబెట్ మీద మరో తీర్మానం రాలేదు.

భారత్: మాట తక్కువ, పని ఎక్కువ

భారత్ వైఖరిని కాగితాల్లో చదివితే ఒకలా, నేల మీద చూస్తే మరోలా ఉంటుంది. 1954 ఏప్రిల్ 29న కుదిరిన ఒప్పందం పేరులోనే 'చైనాలోని టిబెట్ ప్రాంతం' అన్న మాట ఉంది. దాంతో గ్యాంత్సే, యాతుంగ్‌లలోని సైనిక రక్షక దళాలను, తంతి తపాలా సదుపాయాలను భారత్ వదులుకుంది. పంచశీల సూత్రాలు మొదట అచ్చయింది ఈ ఒప్పందం ముందుమాటలోనే. దాని కాలపరిమితి 8 ఏళ్లు. అది తీరిన 1962లోనే యుద్ధం వచ్చింది. 1959 ఐరాస ఓటింగులో కృష్ణ మీనన్ నాయకత్వంలోని భారత బృందం తటస్థంగా ఉంది. 1965లో రఫీక్ జకారియా టిబెట్ పక్షాన మాట్లాడారు, భారత్ తీర్మానానికి ఓటేసింది. నడుమ జరిగిన యుద్ధమే ఈ మార్పుకు కారణం.

ఇదే కాలంలో నెహ్రూ ప్రభుత్వం పెద్దగా చాటుకోకుండా ఒక పని చేసింది. వచ్చిన కాందిశీకులను దేశమంతా చెదరగొట్టకుండా గుంపులుగా, ఊళ్లుగా స్థిరపరిచింది. నాటి మైసూరు రాష్ట్రం బైలకుప్పె దగ్గర సుమారు 3,000 ఎకరాలు ఇచ్చింది. తర్వాత ముండగోడు, హుణసూరు, కొళ్లేగాలలో కాలనీలు లేచాయి. మధ్య భారతంలో మైన్‌పాట్, భండారా దగ్గర కూడా స్థలాలిచ్చారు. ఒడిశా గజపతి జిల్లాలోని చంద్రగిరి మన శ్రీకాకుళం జిల్లాకు పొరుగు. (తిరుపతి దగ్గరి కోట ఉన్న చంద్రగిరి వేరు.) అక్కడి టిబెటన్లు అరవై ఏళ్లుగా మొక్కజొన్న పండిస్తున్నారు. ఆ కొండల్లోని జిరంగ వద్ద కట్టిన పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు.

చదువు విషయంలోనూ అంతే. టిబెటన్ పిల్లలకు వేరే బడులుండాలని నెహ్రూ, దలైలామా అనుకున్నారు. 1961లో కేంద్ర విద్యాశాఖ కింద టిబెటన్ కేంద్రీయ పాఠశాలల సంస్థ ఏర్పడింది. ఖర్చు భారత్‌ది, భాషా సంస్కారాల పాఠం టిబెటన్లది. 1967లో సారనాథ్‌లో ఉన్నత టిబెటన్ అధ్యయన సంస్థ మొదలైంది. సంస్కృత మూలం పోయి టిబెటన్ అనువాదంలోనే మిగిలిన బౌద్ధ గ్రంథాలను తిరిగి సంస్కృతంలోకి తేవడం దాని పనుల్లో ఒకటి. ఆచార్య నాగార్జునుడి రచనలు కొన్ని అలా టిబెటన్ లిపిలోనే బతికాయి. లాసా పక్కనున్న డ్రెపుంగ్ విహారం పేరుకు అర్థం 'వడ్లరాశి'. అది మన ధాన్యకటకం పేరుకు టిబెటన్ అనువాదం. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు తొలిసారి బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ సంప్రదాయం నమ్ముతుంది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇవ్వడం వెనుక ఉన్న కథ ఇది. ఆ సభ భారత విధానానికి మంచి నమూనా కూడా: మతగురువుగా సకల మర్యాదలు, చైనా వ్యతిరేక రాజకీయాలకు మాత్రం అనుమతి లేదు.

టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతం చైనా భూభాగంలో అంతర్భాగమని 2003 జూన్‌లో వాజపేయి పర్యటన సందర్భంగా భారత్ రాతపూర్వకంగా చెప్పింది. 2010 తర్వాతి సంయుక్త ప్రకటనల్లో ఆ వాక్యాన్ని మళ్లీ చెప్పడం మానేసింది. మానేసిందే గాని వెనక్కి తీసుకోలేదు. ఈ ఊగిసలాట తర్వాత కూడా కనిపిస్తుంది. 2017లో దలైలామాను తవాంగ్ వెళ్లనిచ్చారు. 2018లో ఆయన భారత్ వచ్చి అరవయ్యో ఏడు నడుస్తున్న సందర్భంగా టిబెటన్లు తలపెట్టిన కృతజ్ఞతా సభలకు దూరంగా ఉండమని నాయకులకు, అధికారులకు సూచన వెళ్లింది. 1962లో టిబెటన్లతో ఏర్పరచిన ప్రత్యేక సరిహద్దు దళం గురించి ప్రభుత్వం ఎన్నడూ బహిరంగంగా గొప్ప చెప్పుకోలేదు. 2020లో లడఖ్‌లో ఆ దళానికి చెందిన జవాను మందుపాతర పేలి చనిపోయాడు. లేహ్‌లో జరిగిన అంత్యక్రియలకు అమలాపురం వాసి, బీజేపీ నాయకుడు రామ్ మాధవ్ హాజరయ్యారు. దాని గురించి ఆయన పెట్టిన ట్వీటు కొద్దిసేపట్లోనే మాయమైంది. భారత టిబెట్ విధానాన్ని వివరించడానికి చాలా పుస్తకాల కంటే ఆ ట్వీటు ఎక్కువ పనికొస్తుంది.

అమెరికా: చట్టం ఒకటి, సంతకం కింద మాట మరొకటి

అమెరికాకు టిబెట్ తొలుత మానవ హక్కుల వ్యవహారం కాదు. 1950ల చివర సీఐఏ కొలరాడో కొండల్లోని క్యాంప్ హేల్‌లో ఖాంపా యోధులకు శిక్షణ ఇచ్చింది. నేపాల్‌లోని ముస్తాంగ్ నుంచి వాళ్లను నడిపించింది. తర్వాత బయటపెట్టిన 1964 నాటి పత్రం ప్రకారం ఈ కార్యక్రమానికి ఏడాదికి సుమారు 17 లక్షల డాలర్లు కేటాయించారు. నిక్సన్ చైనాతో చేతులు కలిపే వేళకు ఆ సాయం ఆగింది. 1974లో నేపాల్ సైన్యం ముస్తాంగ్ దళాల చేత ఆయుధాలు దింపించింది. టిబెటన్ పెద్దలు ఈ నమ్మకద్రోహాన్ని ఇప్పటికీ మరచిపోలేదు.

రెండో అంకం చట్టసభలో మొదలైంది. 1987 సెప్టెంబరు 21న దలైలామా అమెరికా కాంగ్రెస్ మానవ హక్కుల బృందం ముందు ఐదు అంశాల శాంతి ప్రణాళిక చదివారు. ఆ తర్వాత కాంగ్రెస్ వరసగా చట్టాలు చేసింది. 1990 వలస చట్టంలో 1,000 మంది టిబెటన్లకు వీసాలు కేటాయించింది. వాయిస్ ఆఫ్ అమెరికా 1991లో, రేడియో ఫ్రీ ఆసియా 1996లో టిబెటన్ ప్రసారాలు ప్రారంభించాయి. 1991లోనే టిబెట్‌ను ఆక్రమిత దేశమని కాంగ్రెస్ తన అభిప్రాయంగా ప్రకటించింది. అధ్యక్షులు ఆ మాట ఎన్నడూ అనలేదు. 1997లో విదేశాంగ శాఖలో టిబెట్ వ్యవహారాల ప్రత్యేక సమన్వయకర్త పదవి వచ్చింది. 2002 టిబెట్ విధాన చట్టం దాన్ని శాసనబద్ధం చేసింది. రాజకీయ ఖైదీల విడుదల, భాషా పరిరక్షణ, చైనాతో సంప్రదింపులు ఆ సమన్వయకర్త బాధ్యతలు.

2018 చట్టం విదేశీ అధికారులు, పాత్రికేయులు టిబెట్ వెళ్లకుండా అడ్డుకునే చైనా అధికారులకు అమెరికా వీసా నిరాకరించమంది. 2020 చివర వచ్చిన చట్టం ఇంకాస్త ముందుకెళ్లింది. దలైలామా వారసుడి ఎంపిక టిబెటన్ బౌద్ధుల వ్యవహారమనీ, అందులో వేలు పెట్టే చైనా అధికారులపై ఆంక్షలు విధించవచ్చనీ చెప్పింది. లాసాలో అమెరికా కాన్సులేటుకు అనుమతి దొరికేదాకా అమెరికాలో చైనాకు కొత్త కాన్సులేట్లు ఇవ్వకూడదంది. 2024 జులై 12న బైడెన్ సంతకం చేసిన చట్టం ఖామ్, ఆమ్దో ప్రాంతాలను కూడా టిబెట్ నిర్వచనంలో చేర్చింది. టిబెట్ అనాది నుంచి చైనాదే అన్న వాదన తప్పని తేల్చింది. సంతకంతో పాటే బైడెన్ ఒక ప్రకటన ఇచ్చారు: టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతాన్నీ ఇతర టిబెటన్ ప్రాంతాలనూ చైనాలో భాగంగా చూసే పాత విధానంలో మార్పేమీ లేదు అని. ఒకే రోజు, ఒకే బల్ల మీద రెండు రకాల గుర్తింపులూ తేలిపోయాయి. ఒకటి దక్కింది, మరొకటి దక్కలేదు.

ఆంక్షలు పేరుకు గట్టివే. 2022 డిసెంబరులో టిబెట్ పార్టీ మాజీ కార్యదర్శి వూ యింగ్‌జియేపై, ఒక పోలీసు ఉన్నతాధికారిపై అమెరికా ఆస్తుల స్తంభన విధించింది. ఆ పెద్దమనుషులకు అమెరికా బ్యాంకుల్లో డబ్బుందో లేదో గాని, కింది ఉద్యోగులకు ఒక హెచ్చరిక మాత్రం అందింది. ఇక 2025లో వాషింగ్టన్ విదేశీ సహాయాన్ని, రేడియో ఫ్రీ ఆసియా నిధులను కోసేసింది. టిబెటన్ కోసం ఇన్ని చట్టాలు చేసిన దేశమే టిబెటన్ భాషలో వార్తలు వినిపించే గొంతును నొక్కింది. నా దృష్టిలో ఇది ఆ చట్టాలన్నిటి విలువనూ తగ్గించే పని.

ఐరోపా, కెనడా, ఇతరులు

స్విట్జర్లండ్ 1960లలోనే వెయ్యి మంది టిబెటన్లను తీసుకోవడానికి ఒప్పుకుంది. ఐరోపాలో అతిపెద్ద టిబెటన్ సమాజాల్లో ఒకటి అలా ఏర్పడింది. కెనడా 1970ల తొలినాళ్లలో కొందరికి చోటిచ్చింది. 2006లో దలైలామాకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. 2024 డిసెంబరులో షిన్‌జియాంగ్, టిబెట్‌లలో హక్కుల ఉల్లంఘనకు 8 మంది చైనా మాజీ, ప్రస్తుత అధికారులపై ఆంక్షలు పెట్టింది. జర్మనీ చట్టసభ 1996లో, ఐరోపా పార్లమెంటు పలుమార్లు ఘాటైన తీర్మానాలు చేశాయి. తీర్మానాలు చేసే సభలు వేరు, సరుకులు అమ్మే మంత్రిత్వ శాఖలు వేరు.

ఆ తేడా బ్రిటన్‌లో స్పష్టంగా కనిపించింది. 2008 అక్టోబరు 29న విదేశాంగ మంత్రి డేవిడ్ మిలిబాండ్, శతాబ్దం నాటి 'పైచేయి' సిద్ధాంతానికి కాలం చెల్లిందని చెప్పి, టిబెట్‌ను చైనా అంతర్భాగంగా బ్రిటన్ భావిస్తుందని ప్రకటించారు. అప్పటికి దలైలామా దూతలకు, చైనాకు మధ్య చర్చలు నడుస్తున్నాయి. టిబెటన్ల చేతిలో మిగిలిన కొద్దిపాటి చట్టపరమైన ఆధారాల్లో ఒకదాన్ని బ్రిటన్ బదులుగా ఏమీ పుచ్చుకోకుండా వదిలేసింది. కొద్ది రోజులకే దూతలు పెకింగ్‌లో నిజమైన స్వయంప్రతిపత్తి పత్రం ఇస్తే చైనా తోసిపుచ్చింది. 2010 జనవరి తర్వాత ఆ చర్చలు ఆగిపోయాయి.

దలైలామాను కలవడానికి ఖరీదు కట్టే పని చైనా చాలా శ్రద్ధగా చేసింది. 2008లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ ఆయన్ను కలుస్తారని తెలిసి ఐరోపా సమాఖ్యతో శిఖరాగ్ర సమావేశాన్ని వాయిదా వేసింది. 2012లో బ్రిటన్ ప్రధాని కామెరాన్ కలిశారు, ఏడాదికి పైగా సంబంధాలు గడ్డకట్టాయి. 2014లో నార్వే నాయకులు నోబెల్ గ్రహీతను పలకరించే ధైర్యం కూడా చేయలేదు. దక్షిణాఫ్రికా 2009లో వీసా ఇవ్వలేదు, 2011లో ఆర్చిబిషప్ టూటూ 80వ పుట్టినరోజుకు కూడా వీసా సకాలంలో దక్కలేదు. మంగోలియా 2016లో ఆతిథ్యమిచ్చి, చైనా సరుకు రవాణా మీద అదనపు రుసుములు వేయగానే ఇకపై పిలవబోమని చెప్పింది. ఫుక్స్, క్లాన్ అనే జర్మన్ ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, హూ జింటావో కాలంలో దేశాధినేత దలైలామాను కలిసిన దేశం నుంచి చైనాకు ఎగుమతులు తగ్గి, రెండేళ్లకు గాని కోలుకోలేదని తేలింది. 2025 జులైలో చెక్ అధ్యక్షుడు పెత్ర్ పావెల్ లడఖ్‌లో ఆయన్ను కలిశారు. చైనా పావెల్‌తో సంబంధాలన్నీ తెంచుకుంటున్నట్లు మరుసటి నెలలో ప్రకటించింది.

నేపాల్‌ది వేరే ఇబ్బంది. 1989 తర్వాత కొండలు దాటి వచ్చిన టిబెటన్లను అక్కడే ఉండనివ్వకుండా భారత్‌కు సాగనంపే అలిఖిత ఏర్పాటు ఐరాస శరణార్థుల సంస్థతో కుదిరింది. 1990ల మధ్య నుంచి శరణార్థి కార్డుల జారీ ఆగింది. 2005లో కాఠ్మాండూలోని దలైలామా ప్రతినిధి కార్యాలయాన్ని మూసేశారు. కార్డు లేని తరం బ్యాంకు ఖాతా తెరవలేదు, ఉద్యోగం చేయలేదు. టిబెట్‌లో 2008 నాటి అలజడుల దాకా ఏడాదికి రెండు మూడు వేల మంది దాటిన ఆ దారిలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే వస్తున్నారు.

బడి, వారసత్వం

ఇటీవల చర్చ భూభాగం నుంచి పిల్లల నోటి భాషకు మళ్లింది. టిబెటన్ పిల్లల్లో సుమారు 10 లక్షల మంది ప్రభుత్వ వసతి పాఠశాలల్లో చేరారనీ, ఊళ్లోని బడులు మూతపడి చదువు చైనీస్‌లోకి మారిందనీ 2023 ఫిబ్రవరిలో ఐరాస ప్రత్యేక నిపుణులు ఆందోళన చెప్పారు. అదే ఏడాది అమెరికా ఈ బడుల వ్యవస్థతో సంబంధమున్న అధికారులకు వీసాలు నిరాకరిస్తామంది. డిసెంబరులో ఐరోపా పార్లమెంటు తీర్మానం చేసింది. జనం చెదురుమదురుగా ఉండే ఎత్తయిన పీఠభూమిలో ఇలాంటి బడులు తప్పవనీ, చేరడం స్వచ్ఛందమనీ, రైలు, రోడ్లు, పెరిగిన ఆయుర్దాయం చూడమనీ చైనా జవాబు. చైనా రాజ్యాంగం 4వ అధికరణం ప్రతి జాతికీ సొంత భాషను వాడుకునే, పెంపొందించుకునే స్వేచ్ఛ ఉందంటుంది. బడిలో టిబెటన్ బోధన కోసం మాట్లాడిన యూషు పట్టణపు దుకాణదారు తాషీ వాంగ్‌చుక్ ఐదేళ్లు జైల్లో గడిపాడు.

రెండో అంశం వారసత్వం. 1995 మేలో దలైలామా పంచెన్ లామాగా గుర్తించిన ఆరేళ్ల గెదున్ చోక్యి న్యీమాను మూడు రోజులకే చైనా తీసుకుపోయింది. ఆయన్ను విడుదల చేయాలన్న ప్రకటనలు ఏటా మేలో వెలువడుతూనే ఉన్నాయి. పునర్జన్మ ఎత్తిన లామాలకు ప్రభుత్వ ఆమోదం తప్పనిసరంటూ 2007లో చైనా ఉత్తర్వు ఇచ్చింది. మతాన్ని నమ్మని పార్టీ మరుజన్మకు పర్మిట్ ఇస్తుందన్నమాట. తన సంస్థ కొనసాగుతుందనీ, వారసుణ్ని నిర్ణయించే అధికారం గాదెన్ ఫొడ్రాంగ్ ట్రస్టుకే ఉందనీ 2025 జులై 2న దలైలామా ప్రకటించారు. విశ్వాసాల విషయంలో తాము ఏ వైఖరీ తీసుకోబోమని భారత విదేశాంగ శాఖ రెండు రోజులకు చెప్పింది.

రెండు పుస్తకాలు

1951 శరణార్థుల ఒప్పందంలో భారత్ సభ్యదేశం కాదు. అందుకే ఇక్కడ టిబెటన్లు చట్టం దృష్టిలో విదేశీయులు. 1950 జనవరి 26కూ 1987 జులై 1కీ మధ్య భారత్‌లో పుట్టినవారు పుట్టుకతోనే పౌరులని 2010లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. అయినా పౌరసత్వం తీసుకుంటే తమ జాతి పోరాటం పలచబడుతుందేమోనని చాలామంది వెనకాడారు. 2009లో టిబెటన్ యంత్రాంగం జరిపిన లెక్కల్లో ప్రవాసులు 1,27,935 మంది, భారత్‌లో 94,203 మంది. తర్వాత అమెరికా, కెనడా, ఐరోపాలకు వలసలు పెరిగి ఇక్కడి సంఖ్య బాగా తగ్గింది. చలికాలంలో మన ఊళ్లలో స్వెటర్లు అమ్మే టిబెటన్ వ్యాపారుల దగ్గర సాధారణంగా రెండు పుస్తకాలుంటాయి. భారత ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను గడువు తీరినప్పుడల్లా పునరుద్ధరించుకోవాలి, అందులో హోదా విదేశీయుడు. రెండోది ధర్మశాల ఇచ్చే పచ్చ పుస్తకం. ఏటా స్వచ్ఛందంగా కట్టే 'చాత్రెల్' పన్ను రశీదు దాంట్లో పడుతుంది. ప్రయాణ పత్రంగా ఆ పచ్చ పుస్తకం ఏ దేశపు విమానాశ్రయంలోనూ చెల్లదు.